పాట చుట్టూ స్పీకర్లు: సరౌండ్ సంగీతం ఈసారైనా నిలబడుతుందా?

క్లుప్తంగా

పాటను చుట్టూ వినిపించాలన్న గట్టి ప్రయత్నం యాభై ఏళ్లలో ఇది మూడోది. మొదటి రెండుసార్లు ఖర్చూ శ్రమా వినేవాళ్ల మీదే పడ్డాయి, అందుకే అవి ఆగిపోయాయి. ఇప్పుడు వినేవాళ్లకు అదనపు ఖర్చు దాదాపు లేదు. ఆ భారం స్టూడియోలు, ఆడియో కంపెనీల మీదికి మారింది. కాబట్టి ఈ పద్ధతి పూర్తిగా మాయమయ్యే అవకాశం తక్కువ, స్టీరియో స్థానాన్ని తీసుకునే అవకాశం ఇంకా తక్కువ. థియేటర్లలో, కార్లలో, కొంతవరకు ఇయర్‌ఫోన్స్‌లో అది స్థిరపడవచ్చు. హైదరాబాద్‌లో దాని భవిష్యత్తు తెలుగు సినిమా పాట తయారయ్యే పద్ధతి మీద ఆధారపడి ఉంది.

కోఠిలోని గుజరాతీ గల్లీలో సౌండ్‌బార్ అడిగినా, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఇయర్‌బడ్స్ అడిగినా డబ్బాల మీద ఇవే మాటలు: డాల్బీ అట్మాస్, స్పేషియల్ ఆడియో, 360 డిగ్రీల సౌండ్. చవక వస్తువు మీదా ఉంటాయి, ఖరీదైన వస్తువు మీదా ఉంటాయి. పాటల యాప్ తెరిస్తే కొన్ని పాటల పక్కన అట్మాస్ గుర్తు కనిపిస్తుంది. కార్ల షోరూముకు వెళ్లినా అదే పేరు వినిపిస్తుంది. విన్నవాళ్లలో కొందరు పాట మధ్యలో కూర్చున్నట్టుందంటారు. ఇంకొందరు గొంతు ఎక్కడో వెనక్కి పోయిందని సెట్టింగ్ తీసేస్తారు. ఇద్దరూ ఉన్నదే చెబుతున్నారు. ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే, ఈ పద్ధతి ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఒకే పేరు కింద రెండు వేర్వేరు పనులు

స్టీరియోకు మూలం బ్రిటన్‌లో అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజినీర్ 1931లో దాఖలు చేసిన పేటెంట్. రెండు స్పీకర్ల నుంచి వచ్చే శబ్దాల మధ్య చిన్న తేడాలు పెడితే గాయకుడు మధ్యలో, వయొలిన్ ఎడమవైపు ఉన్నట్టు అనిపిస్తుంది. తర్వాత వచ్చిన 5.1లో (చుట్టూ ఐదు, బేస్‌కు ఒకటి) స్పీకర్లు పెరిగాయి కానీ పద్ధతి మారలేదు. ఏ శబ్దం ఏ స్పీకర్లోంచి రావాలో మిక్సింగ్‌లోనే, అంటే విడివిడి శబ్దాలను కలిపి పాటగా కూర్చేటప్పుడే, ఖాయమైపోతుంది. ఇంట్లో స్పీకర్లు కూడా అదే లెక్కలో, అవే స్థానాల్లో ఉండాలి.

2012లో థియేటర్ల కోసం వచ్చిన డాల్బీ అట్మాస్ ఇక్కడే దారి మార్చింది. ఇందులో శబ్దంతో పాటు, అది గదిలో ఏ చోటి నుంచి రావాలన్న సమాచారం కూడా ఫైల్లో ఉంటుంది. ఒక మిక్స్‌లో 128 ట్రాకుల వరకు పెట్టవచ్చు. థియేటర్లో వాటిని 64 స్పీకర్ ఫీడ్ల వరకు పంచవచ్చు. వేణువు తలకు కుడివైపు పైన ఉండాలని ఇంజినీర్ నిర్ణయిస్తే, అక్కడ ఉన్న స్పీకర్లతో ఆ పని ఎలా చేయాలో ప్లే చేసే యంత్రమే అప్పటికప్పుడు లెక్క వేసుకుంటుంది. పెద్ద హాలుకైనా, పన్నెండు స్పీకర్ల గదికైనా, రెండు ఇయర్‌ఫోన్స్‌కైనా మిక్స్ ఒక్కటే సరిపోతుంది. ఇప్పటి ప్రయత్నాన్ని పాతవాటి నుంచి వేరు చేసే అసలు మార్పు ఇదే.

స్ట్రీమింగ్‌కు వచ్చేసరికి అన్ని ట్రాకులూ విడివిడిగా రావు. దగ్గరదగ్గరగా ఉన్న శబ్దాలను కలిపి 12 నుంచి 16 గుంపులుగా చేసి, కుదించి పంపుతారు. యాపిల్ మ్యూజిక్‌లో ఈ ధార సెకనుకు 768 కిలోబిట్లు. కొంత సూక్ష్మత పోతుంది కానీ శబ్దాలుండే చోట్లు మాత్రం నిలబడతాయి.

రెండో పని వేరు. చాలా చవక ఇయర్‌బడ్స్‌లో ఉండే 'స్పేషియల్' మోడ్‌కు అట్మాస్ మిక్స్‌తో సంబంధం లేదు. మామూలు స్టీరియో పాటనే తీసుకుని, కాస్త ప్రతిధ్వని కలిపి, వెడల్పుగా వినిపించే ఎఫెక్ట్ అది. పాట చేసినవాళ్లెవరూ దాన్ని అలా వినిపించాలని అనుకోలేదు. సరౌండ్ అంటే ఇంతేనా అని నిరాశపడ్డవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇదే: విన్నది స్టూడియోలో చేసిన అట్మాస్ మిక్సా, ఫోను అల్లిన ఎఫెక్టా?

రెండు చెవులకు చుట్టూ ఎలా వినిపిస్తుంది

శబ్దం ఎడమవైపు నుంచి వస్తే ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సుమారు 0.7 మిల్లీసెకన్లే. తల అడ్డుపడటం వల్ల కుడి చెవికి చేరే శబ్దంలో పై ఫ్రీక్వెన్సీలు తగ్గుతాయి. ముందు, వెనక, పైన అన్న తేడా తెలియడానికి ఇవి చాలవు. అక్కడ చెవి డొప్ప మడతలు పనిచేస్తాయి. శబ్దం వచ్చే కోణాన్ని బట్టి అవి కొన్ని ఫ్రీక్వెన్సీలను పెంచుతాయి, కొన్నింటిని తగ్గిస్తాయి. మెదడు చిన్నప్పటి నుంచీ ఈ ఆనవాళ్లను నేర్చుకుంటూనే ఉంటుంది. ఇయర్‌ఫోన్స్‌లో అట్మాస్ వినిపించే సాఫ్ట్‌వేర్ ఈ ఆనవాళ్లనే కృత్రిమంగా శబ్దానికి చేరుస్తుంది. లెక్కంతా ఫోన్లోనో ఇయర్‌బడ్స్‌లోనో జరిగి, చివరికి చెవులకు చేరేది రెండు చానళ్లే.

ఇక్కడే చిక్కు. ఒకరి చెవి డొప్ప ఇంకొకరిలా ఉండదు. సాఫ్ట్‌వేర్ వాడేది ఒక సగటు చెవి లెక్క. ఆ లెక్కకు దగ్గరగా ఉన్నవాళ్లకు గది విప్పుకున్నట్టు వినిపిస్తుంది. దూరంగా ఉన్నవాళ్లకు ఎదురుగా ఉండాల్సిన గొంతు తల లోపలో, వెనకో వినిపిస్తుంది, పైగా ఫిల్టర్ల వల్ల గొంతు స్వభావమే మారినట్టుంటుంది. ఈ లోటు తీర్చడానికి యాపిల్ 2022లో ఐఫోన్ కెమెరాతో చెవులను స్కాన్ చేసి లెక్క సరిచేసే సదుపాయం తెచ్చింది. తల తిప్పినప్పుడు శబ్దం ఉన్నచోటే ఉండేలా చేసే హెడ్ ట్రాకింగ్ కూడా ముందు-వెనక తికమకను తగ్గిస్తుంది. అయితే సినిమా చూసేటప్పుడు ఉపయోగపడే ఆ సదుపాయం, నడుస్తూ పాట వినేవాళ్లకు చిరాకు తెప్పించవచ్చు.

ఇంకో కారణం వాల్యూమ్. అట్మాస్ సంగీతం సగటు లౌడ్‌నెస్ మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్‌ను (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) మించకూడదని నియమం ఉంది. స్టీరియో పాటలు, ముఖ్యంగా మాస్ బీట్ పాటలు, దానికంటే బాగా గట్టిగా తయారవుతాయి. రెంటినీ ఒకదాని వెంట ఒకటి వింటే గట్టిగా ఉన్నదే మెరుగ్గా అనిపిస్తుంది. ఇది వినికిడి స్వభావం. వాల్యూమ్ సమానం చేయకుండా పోలిస్తే తీర్పు ముందే స్టీరియో వైపు ఒరిగిపోతుంది. నిజానికి ఈ నియమం వల్ల సంగీతానికి లాభమే జరిగింది. పాటంతా గట్టిగా మోగేలా శబ్దాన్ని నొక్కిపెట్టాల్సిన అవసరం తగ్గి, డోలు దెబ్బకూ గొంతులోని మెల్లని భాగానికీ మధ్య దూరం మళ్లీ వినిపిస్తోంది.

ఇంజినీర్ల ఇబ్బంది వేరు. ఇయర్‌ఫోన్స్‌లో ఏ వాద్యం దగ్గరగా, ఏది దూరంగా ఉండాలో డాల్బీ సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు నిర్ణయిస్తారు. యాపిల్ తన సొంత లెక్క వాడుతుంది కాబట్టి ఆ నిర్ణయాలు అక్కడ వర్తించవు. ఒకే పాట ఒక యాప్‌లో ఒకలా, ఇంకో యాప్‌లో ఇంకోలా వినిపిస్తుంది. తాను చేసిన మిక్స్ వినేవాళ్లకు ఎలా చేరుతుందో తెలియకపోవడం ఏ ఇంజినీర్‌కైనా టెన్షనే. స్టీరియోకు ఈ సమస్య ఇంత తీవ్రంగా ఎప్పుడూ లేదు.

ముందు రెండుసార్లు ఎందుకు ఆగింది

1970ల మొదట్లో క్వాడ్రాఫోనిక్ రికార్డులు వచ్చాయి. గదికి నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు. ఒకటి కాదు, ఒకదానితో ఒకటి పొసగని మూడు పద్ధతులు ఒకేసారి బజారులోకి దిగాయి: ఎస్‌క్యూ, క్యూఎస్, సీడీ-4. మొదటి రెండింటిలో ముందు శబ్దం వెనక స్పీకర్లలోకి కారేది. సీడీ-4కు ప్రత్యేకమైన సూది కావాలి, రికార్డు అరిగితే వెనక చానళ్ల శబ్దం చెడిపోయేది. దశాబ్దం ముగిసేసరికి అన్నీ మూలన పడ్డాయి.

రెండో ప్రయత్నం 1999లో వచ్చిన ఎస్‌ఏసీడీ, 2000లో వచ్చిన డీవీడీ-ఆడియో డిస్కులు. ఈసారి శబ్ద నాణ్యతలో లోపం లేదు. కానీ మళ్లీ రెండు ఫార్మాట్ల పోటీ, కొత్త ప్లేయర్, కొత్త ఆంప్లిఫయర్, గది నిండా వైర్లు. అదే సమయంలో జనం ఎంపీ3 వైపు, అంటే తక్కువ నాణ్యత అయినా జేబులో పట్టే సంగీతం వైపు వెళ్లారు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని చూడాల్సిన త్రీడీ టీవీలకూ ఇదే గతి పట్టింది. పెద్ద కంపెనీలు 2017 నాటికి వాటిని ఆపేశాయి.

మరి అదే కాలంలో థియేటర్ సరౌండ్ ఎందుకు పెరిగింది? 1986లో కృష్ణ తీసిన తొలి తెలుగు 70 ఎంఎం సినిమా 'సింహాసనం' ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండ్‌తో వచ్చింది. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డీటీఎస్, 2012లో అట్మాస్ వచ్చాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని 70 ఎంఎం హాళ్ల నుంచి 2003లో మొదలైన ప్రసాద్స్, 2018లో మొదలైన ఏఎంబీ వరకు హైదరాబాద్ ప్రేక్షకుడు ఈ మార్పులన్నీ చూశాడు. ఎక్కడా ఒక్క స్పీకర్ కూడా కొనలేదు. హాలు యజమాని కొన్నాడు, ఇంజినీర్ అమర్చాడు, ప్రేక్షకుడు టికెట్ కొని కూర్చున్నాడు. సరౌండ్ సౌండ్ చరిత్రలో గెలుపోటములను వేరు చేసిన గీత ఇదే. నాణ్యత ఎంతన్నది తర్వాతి మాట. సర్దుకోవాల్సింది ఎవరన్నదే మొదటి మాట.

ఈసారి భారం ఎవరిది

2019లో అట్మాస్ లాంటిదే అయిన సోనీ 360 రియాలిటీ ఆడియో మొదలైంది. అదే ఏడాది టైడల్ అనే పాటల యాప్‌లో అట్మాస్ సంగీతం వచ్చింది. కానీ మలుపు 2021 జూన్‌లో తిరిగింది. యాపిల్ మ్యూజిక్ తన చందాదారులందరికీ అదనపు డబ్బు లేకుండా అట్మాస్ పాటలు ఇవ్వడం మొదలుపెట్టింది. సరిపడే ఇయర్‌ఫోన్స్ తగిలిస్తే చాలు, తనంతట తానే అట్మాస్‌లో మోగేలా సెట్టింగ్ పెట్టింది. వినేవాళ్లు ఏమీ కొనలేదు, చాలామంది ఏమీ ఎంచుకోలేదు కూడా.

దాంతో లెక్క తిరగబడింది. ఇప్పుడు ఖర్చంతా తయారీలో ఉంది. అట్మాస్ మిక్స్ సరిగా చేయాలంటే 7.1.4 గది కావాలి, అంటే చుట్టూ ఏడు, పైన నాలుగు, బేస్‌కు ఒకటి, మొత్తం పన్నెండు స్పీకర్లు. ఈ ఖర్చుకు ప్రోత్సాహంగా 2024 జనవరిలో యాపిల్ ఆడియో కంపెనీలకు ఒక మాట చెప్పింది. స్పేషియల్‌లో కూడా అందుబాటులో ఉన్న పాటలకు 10 శాతం వరకు ఎక్కువ రాయల్టీ ఇస్తామంది. శ్రోతలు ఆ పాటను స్టీరియోలో విన్నా సరే, అట్మాస్ మిక్స్ ఉంటే చాలు.

ఈ ప్రోత్సాహం రెండు వైపులా పదునే. పాటల సంఖ్య త్వరగా పెరుగుతుంది. కానీ డబ్బు మిక్స్ ఉన్నందుకే వస్తుంటే, దాన్ని శ్రద్ధగా చేయాల్సిన ఒత్తిడి తగ్గుతుంది. స్టెమ్స్‌ను (గొంతు, వాద్యాల విడివిడి ఫైళ్లను) గబగబా చుట్టూ పరిచి, గొంతుకు ప్రతిధ్వని దట్టించి పంపిన మిక్స్‌లు సరౌండ్‌కు చెడ్డపేరు తెస్తాయి. 2021 అక్టోబర్ నుంచి యాపిల్ వారి లాజిక్ ప్రో సాఫ్ట్‌వేర్‌లోనే అట్మాస్ మిక్సింగ్ సదుపాయం ఉంది కాబట్టి, స్పీకర్ల గది లేకుండా హెడ్‌ఫోన్స్‌తోనే పని ముగించేవాళ్లూ ఉంటారు. తలుపులు తెరవడం మంచిదే. పెద్ద స్టూడియో లేని కుర్రవాడికి కూడా దారి దొరికింది. అయితే స్పీకర్లలో ఒక్కసారైనా వినకుండా పంపిన మిక్స్ కారులోనో, హాల్లోనో ఎలా మోగుతుందన్నది అదృష్టమే.

ఇంకో ముఖ్యమైన నియమం ఉంది. యాపిల్‌కు అట్మాస్ మిక్స్ ఒక్కటే పంపితే కుదరదు, స్టీరియో మిక్స్ తప్పనిసరి. రెంటి నిడివీ సరిపోవాలి. అంటే ఈ వ్యవస్థ రూపకల్పనలోనే అట్మాస్ స్టీరియోకు తోడుగా ఉండే రెండో రూపం. దాన్ని తోసేసి వచ్చేది కాదు.

తెలుగు పాట దగ్గర ముడి

తెలుగు సినిమా పాట మామూలుగా రెండుసార్లు మిక్స్ అవుతుంది. సినిమాకు వారాల ముందు, కొన్నిసార్లు నెలల ముందు, సింగిల్‌గానూ లిరికల్ వీడియోగానూ బయటికొచ్చేది స్టీరియో మిక్స్. తర్వాత అదే పాట స్టెమ్స్‌గా, అంటే గొంతు, కోరస్, తాళవాద్యాలు, తీగవాద్యాలు, బేస్ విడివిడి ఫైళ్లుగా, సినిమా ఫైనల్ మిక్సింగ్‌కు వెళ్తుంది. పెద్ద సినిమాలకు అక్కడ అట్మాస్‌లో థియేటర్ మిక్స్ చేస్తారు. అన్నపూర్ణ స్టూడియోస్ వంటి చోట్ల ఆ పని నగరంలోనే జరుగుతోంది. అంటే చుట్టూ వినిపించే పాటకు కావాల్సిన ముడిసరుకు, ఇంజినీర్లు, అలవాటు హైదరాబాద్‌లో ఇప్పటికే ఉన్నాయి. సినిమాతో సంబంధం లేని పాప్ సంగీతం ఎక్కువగా నడిచే దేశాల్లో అట్మాస్ కోసం అంతా మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇక్కడ సగం పని సినిమా పేరుతో అయిపోతోంది.

అయినా ఆ థియేటర్ మిక్స్ నేరుగా పాటల యాప్‌లోకి రాదు. సినిమాలో పాట తరచుగా కత్తిరింపుకు గురవుతుంది. మధ్యలో డైలాగులు, అడుగుల చప్పుడు, జనం కేకలు కలుస్తాయి. ఆడియో పాటతో నిడివి సరిపోదు. పైగా థియేటర్ మిక్స్ పెద్ద హాలుకు, అక్కడి వాల్యూమ్‌కు తగ్గట్టు ఉంటుంది. ఇయర్‌ఫోన్స్‌లో అది పలచబడుతుంది. కాబట్టి మూడో మిక్స్ కావాలి. దానికి డబ్బు ఎవరు పెట్టాలి? థియేటర్ మిక్స్ ఖర్చు నిర్మాతది. పాట హక్కులు ఆడియో కంపెనీవి. స్టెమ్స్ ఉండేది సంగీత దర్శకుడి దగ్గర. మూడు చేతుల మధ్య ఉన్న ఈ పని ఎవరి బాధ్యతగానూ మారలేదు.

అలవాటు కూడా స్టీరియో పక్షానే ఉంది. కొత్త పాట మొదట చేరేది యూట్యూబ్ లిరికల్ వీడియోలో. తర్వాత రీల్స్‌లో, ఫోన్ స్పీకర్లో, పెళ్లి డీజే బాక్సుల్లో. సినిమా వచ్చేసరికి ఆ స్టీరియో రూపమే చెవిలో 'అసలు పాట'గా నాటుకుపోయి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన అట్మాస్ మిక్స్ ఎంత బాగున్నా, ఏదో మారినట్టే అనిపిస్తుంది. సింగిల్ విడుదలైన రోజే అట్మాస్ రూపం కూడా వస్తే తప్ప ఈ ప్రతికూలత పోదు.

పాత పాటల సంగతి ఇంకా సున్నితం. ఘంటసాల కాలపు పాటలు మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాడగా, వాయించగా మోనోలో రికార్డయ్యాయి. విడి ట్రాకులన్నవే లేవు. ఇప్పుడు కృత్రిమ మేధతో ఒకే ట్రాకులోంచి గొంతునూ వాద్యాలనూ విడదీయడం సాధ్యమవుతోంది. బీటిల్స్ 'రివాల్వర్' ఆల్బమ్‌ను 2022లో ఇలాగే కొత్తగా మిక్స్ చేశారు. 2023లో జాన్ లెనన్ పాత క్యాసెట్ నుంచి గొంతు వేరుచేసి 'నౌ అండ్ దెన్' పూర్తి చేశారు. తెలుగు పాటలకూ ఇది చేయవచ్చు. కానీ విడదీసేటప్పుడు గొంతు చివరి గమకాలకు, తంబుర నాదానికి గీతలు పడే ప్రమాదముంది. ఒకే గదిలో అందరూ కలిసి వాయించినప్పుడు వచ్చిన ఏకత్వం చెదిరిపోవచ్చు. శ్రద్ధ, సమయం, మంచి చెవి ఉన్నవాళ్ల చేతుల్లోనే ఈ పని జరగాలి.

పాత పాటల శ్రోత ఏం కోరుకుంటాడో బజారు ఇప్పటికే ఒకసారి చెప్పింది. సరిగమ కంపెనీ 2017లో తెచ్చిన కారవాన్ అనే చిన్న పెట్టె బాగా అమ్ముడుపోయింది. అందులో సరౌండ్ లేదు. ముందే నింపిన వేల పాటలు, తిప్పడానికి ఒక పెద్ద బటన్ ఉన్నాయి. జనం డబ్బు పెట్టింది సులువు కోసం.

హాల్లో కష్టం, కారులో సులువు

నగరంలోని మామూలు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో హాలూ డైనింగూ కలిసే ఉంటాయి. నేల మీద టైల్స్, చుట్టూ సిమెంట్ గోడలు, ఒకవైపు బాల్కనీ అద్దం తలుపు. శబ్దం అన్నిటికీ తగిలి తిరిగొస్తుంది. వెనక స్పీకర్ పెట్టాల్సిన చోట దారి ఉంటుంది, లేదంటే వంటింటి గుమ్మం ఉంటుంది. పైకప్పుకు శబ్దాన్ని కొట్టి కిందికి దింపే సౌండ్‌బార్లకు చదునైన, మరీ ఎత్తుగా లేని కప్పు కావాలి. మెట్లుమెట్లుగా కట్టిన ఫాల్స్ సీలింగ్, మధ్యలో తిరిగే ఫ్యాను ఆ ప్రతిఫలనాన్ని చెదరగొడతాయి. హోమ్ థియేటర్‌కు వేరే గది కేటాయించగలిగినవాళ్లు ఉన్నారు, పెరుగుతున్నారు కూడా. కానీ అది సినిమాల కోసం పెట్టే ఖర్చు. పాటలు దాని వెంట వస్తాయి.

కారులో పరిస్థితి పూర్తిగా వేరు. సీట్లు కదలవు. తలలు ఎక్కడుంటాయో తయారీదారుకు ముందే తెలుసు. స్పీకర్లు ఎలాగూ చుట్టూ ఉంటాయి. ఏ స్పీకర్ శబ్దం ఎంత ఆలస్యంగా రావాలో ఫ్యాక్టరీలోనే సరిచేయవచ్చు. నిజానికి కారులో స్టీరియో ఎప్పుడూ సరిగా కుదరలేదు, ఎందుకంటే డ్రైవర్ ఒక పక్క స్పీకర్‌కు మరీ దగ్గరగా కూర్చుంటాడు. ఆ లోటును ఎక్కువ స్పీకర్లు, ఒక్కో శబ్దం చోటును బట్టి అట్మాస్ వేసే లెక్క తీర్చగలవు. 2024 నవంబర్‌లో మహీంద్రా తెచ్చిన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలలో 16 స్పీకర్ల అట్మాస్ వ్యవస్థ వచ్చింది. 2025లో టాటా హారియర్ ఈవీలోనూ అట్మాస్ చేరింది. విదేశీ లగ్జరీ కార్లకే పరిమితమైన సదుపాయం కొన్నేళ్లలోనే దేశీ కార్లలోకి దిగింది. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ మోత ఉండదు కాబట్టి మెల్లని శబ్దాలు కూడా కొంత నిలుస్తాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదో, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లోనో రోజూ కారులో గడిపే సమయం తక్కువేమీ కాదు. ఈ నగరంలో అట్మాస్ పాటకు అన్నిటికంటే అనువైన గది ఫ్లాట్‌లో కంటే కారులోనే దొరుకుతుందని చెప్పవచ్చు.

ఏ సంగీతానికి అక్కరకొస్తుంది

వాద్యాలను తల చుట్టూ తిప్పడం మొదటిసారి వింటే బాగుంటుంది. పదోసారికి విసుగు. చుట్టూ వినిపించడంలో నిలిచే విలువ చోటు చెప్పడంలో ఉంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీకి వెళ్తే గాయకుడు, వయొలిన్, మృదంగం ఎదురుగానే ఉంటాయి. చుట్టూ ఉండేది హాలు. శ్రోతల తాళం, గోడల నుంచి తిరిగొచ్చే నాదం, పైన పరుచుకునే తంబుర శ్రుతి. ఆ కచేరీని వాద్యాలు కదపకుండా, హాలును మాత్రమే చుట్టూ పెట్టి రికార్డు చేస్తే స్టీరియో ఇవ్వలేనిది దొరుకుతుంది.

కొన్ని సంప్రదాయాలు పుట్టుకతోనే చుట్టూ ఉండేవి. బోనాల ఊరేగింపులో డప్పులు ముందూ వెనకా పక్కలా మోగుతాయి. వినేవాళ్లు గుంపు మధ్యలోనే ఉంటారు. దర్గాలో ఖవ్వాలీ, భజన గోష్ఠి కూడా అంతే. ఇన్నాళ్లూ ఇవి రెండు స్పీకర్ల మధ్య బల్లపరుపుగా అణిగిపోయాయి. వీటిని సరిగా రికార్డు చేయడానికి ఇంతకంటే తగిన పద్ధతి ఇదివరకు లేదు. సినిమా ఈ పని చేయకపోయినా ఆకాశవాణి, సాంస్కృతిక శాఖలు, విశ్వవిద్యాలయాలు చేయదగ్గది. భారతీయ సంగీతానికి ఈ రంగంలో గుర్తింపు ఇప్పటికే వచ్చింది. బెంగళూరుకు చెందిన రిక్కీ కేజ్ ఆల్బమ్ 'డివైన్ టైడ్స్'కు 2023లో ఉత్తమ ఇమ్మర్సివ్ ఆడియో ఆల్బమ్ విభాగంలో గ్రామీ దక్కింది.

ఒక గొంతు, ఒక గిటారుతో సాగే పాటకు, బీట్ ఒక్కటే ప్రాణమైన డ్యాన్స్ పాటకు స్టీరియోనే బలం. రెండు స్పీకర్ల మధ్య కుదురుగా గుద్దే శబ్దాన్ని పన్నెండు చోట్లకు పంచితే దెబ్బ తగ్గుతుంది.

పేరు పోయినా ఫైలు ఉంటుందా

పాత ప్రయత్నాలను చంపిన ఫార్మాట్ల పోటీ ఇప్పుడూ ఉంది. టైడల్ 2024లో సోనీ 360 రియాలిటీ ఆడియోను తీసేసి అట్మాస్‌ను మాత్రం ఉంచింది. 2025 జనవరిలో గూగుల్, శామ్‌సంగ్ కలిసి అట్మాస్‌కు పోటీగా, రాయల్టీ లేని ఎక్లిప్సా ఆడియోను ప్రకటించాయి. యూట్యూబ్ దీనికి దారి ఇవ్వడం తెలుగు శ్రోతకు చాలా ముఖ్యం, ఎందుకంటే మన పాట ముందుగా చేరేది అక్కడికే. స్పాటిఫై మాత్రం ఇప్పటివరకు అట్మాస్ వైపు రాలేదు.

ఈసారి తేడా ఏమిటంటే స్టూడియోలో తయారయ్యే అట్మాస్ మాస్టర్‌ను, అంటే అసలు ఫైలును, ఏడీఎం అనే బహిరంగ ప్రమాణంలో భద్రపరచవచ్చు. శబ్దాలు విడిగా, వాటి చోట్లు విడిగా రాసి ఉంటాయి. రేపు అట్మాస్ అన్న పేరు పోయి ఇంకో పేరు వచ్చినా, ఆ మాస్టర్ నుంచి కొత్త రూపం తీయవచ్చు. క్వాడ్రాఫోనిక్ రికార్డుకు ఆ వెసులుబాటు లేదు.

రాబోయే కొన్నేళ్లు

థియేటర్ వైపు సందేహం లేదు. డాల్బీ 2025లో ప్రకటించిన భారతీయ డాల్బీ సినిమా (డాల్బీ చిత్రం, శబ్దం రెండూ ఉండే హాలు) స్క్రీన్లలో హైదరాబాద్ కూడా ఉంది. కార్లలో వ్యాప్తి పెరుగుతుంది. ఇయర్‌ఫోన్స్‌లో చెవికి తగ్గట్టు లెక్క సరిచేసే సదుపాయం చవక ఫోన్లలోకి దిగినప్పుడే అసలు మెరుగుదల కనిపిస్తుంది. ఇంటి హాల్లో పాటల కోసమే స్పీకర్లు కొనేవాళ్లు ఎప్పటిలాగే కొద్దిమందే ఉంటారు. యాపిల్ అదనపు రాయల్టీని తగ్గిస్తే కొత్త మిక్స్‌ల సంఖ్య ఒక్కసారిగా పడిపోవచ్చు. ఈ రంగానికి ఉన్న పెద్ద బలహీనత ఒకటి రెండు కంపెనీల నిర్ణయం మీద ఆధారపడటమే.

తెలుగు పరిశ్రమలో గమనించాల్సినవి ఒప్పందాలు. స్టెమ్స్ ఎవరి దగ్గర, ఎంతకాలం ఉండాలి, మూడో మిక్స్ ఖర్చు ఎవరు భరించాలి, సింగిల్ రోజే అట్మాస్ రూపం ఇవ్వాలా అన్న షరతులు నిర్మాత, సంగీత దర్శకుడు, ఆడియో కంపెనీల మధ్య కాగితం మీదికి రావాలి. హార్డ్ డిస్కుల్లో ఉండి పాడైపోయే ప్రాజెక్ట్ ఫైళ్లను ఇప్పుడే బయటికి తీసి, పేర్లు పెట్టి, రెండు చోట్ల దాచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అది చేసిన పాటలకు పదేళ్ల తర్వాత ఏ ఫార్మాట్ వచ్చినా దారి ఉంటుంది. చేయని పాటలకు, అవి గత ఏడాది విడుదలైనవే అయినా, మోనో కాలపు పాటల్లాగే కృత్రిమ మేధతో విడదీసుకోవడం తప్ప మరో దారి ఉండదు.